బుకింగ్ పేజీలో తేదీలకు ఏది మేలు: మొమెంట్, డే.జేఎస్, లేక బ్రౌజర్‌లో ఉన్నదేనా?

చలికాలం దగ్గరపడితే విశాఖలో చిన్న చిన్న వెబ్‌సైట్లు చేసేవాళ్లకి ఒకే రకం పని వస్తుంది. అరకులో హోమ్‌స్టే, రుషికొండ వైపు గెస్ట్‌హౌస్, ఏదైనా సరే బుకింగ్ పేజీ కావాలి, అదీ వెంటనే. డిజైన్ ఎలాగోలా అయిపోతుంది. టెన్షన్ అంతా తేదీల దగ్గరే.

ఎందుకో చూడండి. కస్టమర్ క్యాలెండర్‌లో డిసెంబర్ 31 నొక్కుతాడు. జావాస్క్రిప్ట్ దాన్ని మన టైమ్‌లో ఆ రోజు మొదలయ్యే అర్ధరాత్రిగా తీసుకుంటుంది. దాన్ని టుఐఎస్‌ఓస్ట్రింగ్ అనే ఫంక్షన్‌తో అక్షరాల్లోకి మార్చి సర్వర్‌కి పంపితే యూటీసీలోకి, అంటే అంతర్జాతీయ ప్రామాణిక టైమ్‌లోకి, మారుతూ ఐదున్నర గంటలు వెనక్కి పోతుంది, అంటే 30వ తేదీ సాయంత్రం 6.30. అందులోంచి తేదీ ముక్క మాత్రం కత్తిరించి దాచుకుంటే గది 30కి బుక్కయినట్టే. కొత్త సంవత్సరం వేడుకకి కుటుంబంతో ఘాట్ రోడ్డెక్కి వచ్చినవాళ్లకి గది లేదని చెప్పాల్సి వస్తుంది. తేదీల పనికి లైబ్రరీ, అంటే వేరేవాళ్లు ముందే రాసిపెట్టిన కోడ్, ఎంచుకునే ముందు ఈ ఒక్కటీ బుర్రకెక్కాలి.

మొమెంట్ అనే లైబ్రరీ 2011 నుంచి ఉంది. పాత ట్యుటోరియళ్లు, కోచింగ్ నోట్సులు దాంతోనే నిండి ఉంటాయి కాబట్టి కొత్తవాళ్లు ముందు దాన్నే పట్టుకుంటారు. కానీ దాన్ని నడిపేవాళ్లే 2020 సెప్టెంబర్‌లో, ఇక కొత్త ఫీచర్లు ఉండవు, కొత్త ప్రాజెక్టులకు వేరేది చూసుకోండి అని చెప్పేశారు. అంత నిజాయితీగా చెప్పిన టీమ్ అంటే నాకు చాలా గౌరవం. దాంట్లో అసలు చిక్కు ఇంకోటి: చెకిన్ తేదీకి రెండు రోజులు కలిపి చెకౌట్ లెక్కేద్దామంటే చెకిన్ తేదీ కూడా మారిపోతుంది. ముందే క్లోన్ చేసుకోవాలి, అంటే నకలు తీసుకోవాలి. ఆ ఒక్క లైను మర్చిపోతే బిల్లు తప్పుతుంది. బరువు కూడా ఎక్కువే. సైటు కోడ్ ఫైళ్లన్నీ ఒకటిగా కట్టే వెబ్‌ప్యాక్‌తో మామూలుగా బండిల్ చేస్తే అన్ని భాషల ఫైళ్లూ వెంట వచ్చేస్తాయి.

డే.జేఎస్ కూడా లైబ్రరీయే. రాసే తీరు దాదాపు మొమెంట్‌లాగే ఉంటుంది, కుదించాక సుమారు 2 కేబీ. తేదీకి రోజులు కలిపితే కొత్త తేదీ ఇస్తుంది, పాతది కదలదు. ఫార్మాట్ చేస్తే ఇక్కడి తేదీనే ఇస్తుంది కాబట్టి పైన చెప్పిన 30, 31 గొడవ ఉండదు. రాత్రుల లెక్క, వీకెండ్ రేటు, క్యాన్సిలేషన్ గడువు, వీటికి నా ఓటు దీనికే.

ఇక బ్రౌజర్‌లోనే ఉన్న ఇంట్ల్, అంటే తేదీలు, అంకెలు ఆయా భాషల తీరులో చూపించే జావాస్క్రిప్ట్ సదుపాయం. డౌన్‌లోడ్ సున్నా. అనంతగిరి ఘాట్‌లో సిగ్నల్ అరకొరగా ఉన్నప్పుడు పేజీ తెరిచేవాళ్లకి అది చిన్న విషయం కాదు. లెక్కలు మాత్రం చెయ్యదు, చూపించడమే దాని పని. ఆ పనిలో మాత్రం, ముఖ్యంగా తెలుగులో, మిగతా రెండూ దాని ముందు నిలబడవు. మొమెంట్, డే.జేఎస్ తెలుగు ఫైళ్లలో 'రోజులు' అనే మాటకి 'లో', 'క్రితం' అలాగే అతికిస్తారు. ఫలితం '3 రోజులు లో', '3 రోజులు క్రితం'. ఇంట్ల్ యూనికోడ్ వాళ్ల భాషా సమాచారాన్ని వాడుకుంటుంది కాబట్టి '3 రోజుల్లో', '3 రోజుల క్రితం' అని మనం మాట్లాడుకున్నట్టే వస్తుంది. రేటు కూడా 1,00,000 అని లక్షల లెక్కలో కామా పెట్టి చూపిస్తుంది. తెలుగు పేజీ చేస్తూ ఇది వాడకపోవడం అన్యాయం.

కాబట్టి కొత్త సైటుకి లెక్కలన్నీ డే.జేఎస్‌తో, తెరమీద కనిపించేదంతా ఇంట్ల్‌తో చెయ్యండి. తేదీ ఎంచుకునే ఇన్‌పుట్ ఇచ్చే 2025-12-31 లాంటి స్ట్రింగ్‌ని సర్వర్‌కి అలాగే పంపండి, మధ్యలో జావాస్క్రిప్ట్ డేట్ ఆబ్జెక్ట్‌గా మార్చొద్దు. అప్పుడు అమెరికాలో ఉన్న అబ్బాయి అమ్మానాన్నలకి బుక్ చేసినా తేదీ జరగదు. మొమెంట్‌తో నడుస్తున్న పాత సైటు ఇబ్బంది పెట్టకపోతే సీజన్ అయ్యేదాకా దాని జోలికి వెళ్లకండి.

తేదీల కోసం జావాస్క్రిప్ట్‌లోనే టెంపొరల్ అనే కొత్త సదుపాయం వస్తోంది కదా అని అడుగుతారు. వస్తోంది, బాగుంది కూడా. ఫైర్‌ఫాక్స్‌లో 2025 మేలోనే వచ్చింది. కానీ హోమ్‌స్టే వెతికేవాళ్ల చేతిలో ఉండేవి నాలుగైదేళ్ల ఫోన్లు. వాళ్ల కోసం అదనంగా పాలీఫిల్, అంటే పాత బ్రౌజర్‌లో లేనిదాన్ని పూరించే కోడ్, ఎక్కించాలంటే డే.జేఎస్ ఇచ్చిన తేలిక పోతుంది.

డే.జేఎస్ తెలుగు ఫైల్ మాత్రం మనమే బాగుచేసుకోవాల్సింది. జర్మన్‌కీ ఇలాంటి ఇబ్బందే ఉంటే, మాట ఉన్న చోటుని బట్టి రూపం మారేలా వాళ్ల ఫైల్‌లో చిన్న ఫంక్షన్ రాసుకున్నారు. అదే పద్ధతి తెలుగుకీ పనికొస్తుంది. ఓపెన్ సోర్స్‌లో మొదటి పుల్ రిక్వెస్ట్, అంటే మనం చేసిన మార్పుని కలుపుకోమనే అభ్యర్థన, దేనికి పెట్టాలా అని వెతుకుతున్న ఇంజినీరింగ్ పిల్లలు ముందు ఆ రెండు ఫైళ్లనీ పక్కపక్కన తెరిచి చూడండి.