సైన్యమా, డాలరా, మిత్రకూటమా? అగ్రరాజ్యానికి ఏది మేలు?

అగ్రరాజ్యం అనగానే మనం ముందు విమాన వాహక నౌకలు లెక్కపెడతాం. ఆ లెక్క అవసరమే కానీ సరిపోదు. ఇతర దేశాల చేత తన మాట వినిపించుకోవడానికి పెద్ద దేశం చేతిలో ప్రధానంగా మూడు సాధనాలుంటాయి: సైన్యం, తన కరెన్సీ, తన మిత్రదేశాలు. ఏ పనికి ఏది వాడాలి, వాడితే ఏది అరిగిపోతుంది, ఏది ఎక్కువ కాలం నిలుస్తుంది అన్నవి తేల్చుకోకుండా ఆధిపత్యం గురించి ఎంత మాట్లాడినా గాల్లో లెక్కలే.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. సైన్యం అడ్డుకోవడానికి మేలు, పరాయి దేశాన్ని నడపడానికి పనికిరాదు. డాలర్ అన్నింటికన్నా పదునైనది, కానీ వాడిన ప్రతిసారీ దాన్ని తప్పించుకునే దారి వెతికేవాళ్లు పెరుగుతారు. మిత్రకూటమి నెమ్మది, ఓపికను పరీక్షిస్తుంది. అయినా మొదటి రెండూ నిలబడేది దాని మీదే.

మూడూ ఒకేచోట ఢీకొన్న సందర్భం 1956 నాటి సూయెజ్. జులై 26న ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ సూయెజ్ కాలువను జాతీయం చేశాడు. అక్టోబరు 29న ఇజ్రాయెల్ దాడికి దిగింది, ఆ వెంటనే బ్రిటన్, ఫ్రాన్స్ రంగంలోకి వచ్చాయి. నవంబరు 5న పారాట్రూపర్లు పోర్ట్ సయీద్‌లో దిగారు, మర్నాడు సముద్రం మీదుగా సేనలు దిగాయి. యుద్ధంగా చూస్తే గెలుపే. కానీ అదే సమయంలో లండన్‌లో పౌండు విలువ కాపాడుకోవడానికి డాలర్ నిల్వలు కరిగిపోతున్నాయి. అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్) నుంచి డబ్బు తీసుకోవాలంటే అమెరికా అడ్డుపడకూడదు. ఐసెన్‌హోవర్ ప్రభుత్వం అడ్డుపడింది. నవంబరు 6 అర్ధరాత్రికల్లా కాల్పులు ఆగిపోయాయి. సైన్యం వెనక్కి వస్తుందని బ్రిటన్ ఒప్పుకున్నాకే, డిసెంబరులో ఐఎంఎఫ్ 56.1 కోట్ల డాలర్లు ఇచ్చి మరో 73.9 కోట్లు అందుబాటులో ఉంచింది. జనవరిలో ప్రధాని ఈడెన్ దిగిపోయాడు. అమెరికా ఒక్క తూటా పేల్చలేదు.

సైన్యం: చేయగలిగింది, చేయలేనిది

ముందు ఖర్చు సంగతి. అమెరికాకు 11 విమాన వాహక నౌకలున్నాయి. అంటే ఏ రోజు చూసినా 11 సముద్రంలో ఉంటాయని కాదు. ఒకటి విధుల్లో ఉండాలంటే ఇంకొకటి మరమ్మతుల్లో, మరొకటి శిక్షణలో ఉంటాయి. అందుకే ఒక ప్రాంతంలో ఎప్పుడూ ఒక నౌక కనిపించాలంటే కనీసం మూడు కావాలి. జెరాల్డ్ ఫోర్డ్ అనే నౌక ఒక్కదానికే సుమారు 1,300 కోట్ల డాలర్లయింది, అదీ విమానాలు కాకుండా. ఒకేసారి మూడు సముద్రాల్లో సంక్షోభం వస్తే 11 కూడా చాలవు.

అంత పెద్ద నౌకను పంపించినా ఎదుటివాడు బెదరాలని లేదు. 1971 డిసెంబరులో బంగ్లాదేశ్ యుద్ధం నడుస్తుండగా ఎంటర్‌ప్రైజ్ విమాన వాహక నౌక నాయకత్వంలో అమెరికా నౌకాదళం బంగాళాఖాతం వైపు వచ్చింది. డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగుబాటు యథావిధిగా జరిగిపోయింది. ఆగస్టులోనే భారత్ సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదుర్చుకుని ఉంది. అమెరికా నిజంగా యుద్ధంలోకి దిగదని ఢిల్లీ అంచనా వేసింది. బెదిరింపును అమలు చేయరని ఎదుటివాడికి తెలిస్తే నౌక ఎంత పెద్దదైనా ఒకటే.

సైన్యం బాగా చేసే పనికి ఉదాహరణ 1991 కువైట్. లక్ష్యం ఒక్కటే, ఇరాక్ సైన్యాన్ని కువైట్ నుంచి గెంటేయడం. నేల మీద యుద్ధం 100 గంటల్లో ముగిసింది. సుమారు 6,100 కోట్ల డాలర్ల ఖర్చులో దాదాపు 5,300 కోట్లు కువైట్, సౌదీ అరేబియా, జపాన్, జర్మనీ వంటి దేశాలే భరించాయి. ఈ అంకెను గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు 2003. బాగ్దాద్ మూడు వారాల్లో పడింది. ఆ తర్వాతే అసలు కష్టం. అంతర్గత తిరుగుబాటును అదుపులో పెట్టాలంటే ప్రతి వెయ్యిమంది జనాభాకు 20 మంది భద్రతా సిబ్బంది కావాలని సైనిక వర్గాల్లో ఒక మోటు లెక్క ఉంది. ఇరాక్ జనాభా అప్పట్లో సుమారు రెండున్నర కోట్లు, అంటే 5 లక్షల మంది కావాలి. సైన్యాధిపతి ఎరిక్ షిన్‌సెకి యుద్ధానికి ముందే సెనేట్ కమిటీలో లక్షల్లో సైనికులు అవసరమన్నాడు. రక్షణ శాఖ పెద్దలు ఆ మాట కొట్టిపారేశారు. అమెరికా ఉంచింది లక్షన్నర అటూఇటూ. లోటు పూడ్చడానికి ఇరాక్ సైన్యమే పనికొచ్చేది. బాగ్దాద్‌లో అమెరికా పెట్టిన పాలన మే 23న ఇచ్చిన రెండో ఉత్తర్వు ఆ సైన్యాన్నే రద్దు చేసింది. అంతకు వారం ముందు మొదటి ఉత్తర్వు సద్దాం హుస్సేన్ బాత్ పార్టీ పెద్దలను ప్రభుత్వోద్యోగాల నుంచి తీసేసింది. చేతిలో ఆయుధం, నెత్తిన అవమానం, జేబులో జీతం లేని లక్షలమంది ఒక్కసారిగా వీధిన పడ్డారు. తర్వాతి ఏళ్ల తిరుగుబాటుకు కావలసిన మనుషులు అక్కడే దొరికారు.

వియత్నాంలో 1969 నాటికి 5,43,000 మందిని దించినా, అఫ్గానిస్తాన్‌లో 20 ఏళ్లు కూర్చున్నా ఫలితం ఇంతే. సోవియట్ యూనియన్ కూడా అదే అఫ్గానిస్తాన్‌లో తొమ్మిదేళ్లు పోరాడి, సుమారు 15,000 మందిని పోగొట్టుకుని 1989 ఫిబ్రవరిలో వెనుదిరిగింది. కారణం అన్నిచోట్లా ఒక్కటే. బయటి సైన్యం నిలబెట్టిన ప్రభుత్వం తన జనం దగ్గర పన్ను, గౌరవం, సైనికుడి ప్రాణం అడిగి తెచ్చుకోలేకపోయింది.

డాలర్: గొంతు ఎక్కడ పట్టుకుంటుంది

ఆంక్ష ఎలా పనిచేస్తుందో చాలామందికి మసకగానే తెలుసు. ఒక ఆసియా చమురు శుద్ధి సంస్థ ఇరాన్‌కు డాలర్లు చెల్లించాలనుకుందాం. కొనేదీ అమ్మేదీ అమెరికా సంస్థలు కావు. అయినా కొనేవాడి బ్యాంకుకు న్యూయార్క్‌లోని ఏదో బ్యాంకులో ఖాతా ఉంటుంది, అమ్మేవాడి తరఫు బ్యాంకుకు కూడా అంతే. డబ్బు ఆ రెండు ఖాతాల మధ్య అమెరికా గడ్డ మీదే కదలాలి. అక్కడ ఖజానా శాఖ నిషేధ జాబితా అడ్డం వస్తుంది. స్విఫ్ట్ అన్నది బెల్జియంలోని, బ్యాంకుల మధ్య సందేశాలు పంపే వ్యవస్థ మాత్రమే, డబ్బు దాంట్లో కదలదు. వార్తల్లో స్విఫ్ట్ పేరే మోగుతుంది కానీ అసలు పట్టు న్యూయార్క్ ఖాతాల మీదే ఉంది.

రెండో మెట్టు ఇంకా గట్టిది. డాలర్ వాడకపోయినా సరే, ఇరాన్‌తో పెద్ద లావాదేవీ చేసిన విదేశీ బ్యాంకు న్యూయార్క్ ఖాతా మూసేస్తామని అమెరికా అంటుంది. ఏ పెద్ద బ్యాంకూ అది తట్టుకోలేదు. 2014లో సూడాన్, ఇరాన్, క్యూబా లావాదేవీల కేసులో ఫ్రాన్స్‌కు చెందిన బీఎన్‌పీ పారిబా దాదాపు 897 కోట్ల డాలర్లు కట్టింది. ఆ దెబ్బతో మిగతా బ్యాంకులు చట్టం అడిగినదానికన్నా ఎక్కువగా భయపడి, మందులు, ఆహారం వంటి అనుమతి ఉన్న వ్యాపారం నుంచి కూడా తప్పుకున్నాయి. దీన్ని నేను చిన్న విషయంగా తీసుకోలేను. ఆ భయం మూల్యం కట్టేది ప్రభుత్వం కాదు, మందుల దుకాణం ముందు నిలబడ్డ మనిషి.

ఇంత పదునున్నదాన్ని మిత్రులతో కలిసి వాడితే ఏమవుతుందో, ఒంటరిగా వాడితే ఏమవుతుందో ఇరాన్ అణు కార్యక్రమం విషయంలో తేలింది. మొదటిసారి, 2012లో, ఐరోపా సమాఖ్య కూడా చమురు కొనడం మానేసింది, స్విఫ్ట్ ఇరాన్ బ్యాంకులను తప్పించింది, భారత్ సహా ఆసియా దేశాలు కొనుగోళ్లు తగ్గించాయి. మనవాళ్లు చెల్లింపుల్లో 45 శాతం యూకో బ్యాంకు ద్వారా రూపాయల్లో జరిపారు. ఆ రూపాయలతో ఇరాన్ ఇక్కడి సరుకే కొనుక్కోవాలి. ఇరాన్ ఎగుమతులు ఏడాదిన్నరలో సుమారు సగానికి పడ్డాయి. 2015 జులైలో అణు ఒప్పందం కుదిరింది: యురేనియం శుద్ధి 3.67 శాతం దాటకూడదు, నిల్వ 300 కిలోలకు మించకూడదు.

రెండోసారి, 2018లో, అమెరికా ఒక్కటే ఒప్పందం నుంచి బయటికొచ్చి ఆంక్షలు తిరిగి పెట్టింది. బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ వ్యతిరేకించాయి. ఇన్‌స్టెక్స్ పేరుతో డాలర్‌తో పనిలేని చెల్లింపుల సంస్థ కూడా పెట్టాయి. అది ఒకే ఒక్క లావాదేవీ పూర్తిచేసి, 2023లో మూతపడింది. అంత గట్టిది డాలర్ పట్టు. 2019 మేలో భారత్ కూడా ఇరాన్ చమురు మానేసింది. ఆర్థికంగా దెబ్బ మొదటిసారికన్నా పెద్దది. మరి ఫలితం? 2021 ఏప్రిల్‌లో ఇరాన్ 60 శాతం శుద్ధి మొదలుపెట్టింది. ఇరాన్‌కు ఒప్పుకుంటే ఏం దక్కుతుందో, దక్కినది రేపు ఉంటుందో లేదో తెలియలేదు. నొప్పి పెంచడం, ఒప్పించడం వేర్వేరు పనులు. రెండోదానికి హామీ ఇవ్వగల మిత్రులు కావాలి.

అరుగుదల సంగతి. 2022లో రష్యా కేంద్ర బ్యాంకుకు చెందిన సుమారు 30,000 కోట్ల డాలర్ల నిల్వలను పాశ్చాత్య దేశాలు స్తంభింపజేశాయి. ఉక్రెయిన్ మీద దాడికి అది న్యాయమైన జవాబే అని నా నమ్మకం. కానీ ప్రతి దేశపు కేంద్ర బ్యాంకూ ఆ రోజు తన నిల్వల జాబితా తెరిచి చూసుకుంది. 2022 నుంచి 2024 వరకు ఏటా కేంద్ర బ్యాంకులన్నీ కలిపి 1,000 టన్నులకు పైగా బంగారం కొన్నాయి. ప్రపంచ నిల్వల్లో డాలర్ వాటా 2000 ప్రాంతంలో 70 శాతం పైనుండేది, ఇప్పుడు 60 లోపే. డాలర్ కూలిపోతోందని దీని అర్థం కాదు, యువాన్ వాటా ఇంకా 2 శాతం దగ్గరే ఉంది. కానీ దిశ మాత్రం ఒక్కటే.

మిత్రకూటమి: కాదనే హక్కుతో సహా

సోవియట్ యూనియన్‌కూ కూటమి ఉంది, 1955 నాటి వార్సా ఒప్పందం. దాని అతిపెద్ద సైనిక చర్య 1968లో, తన సొంత సభ్యదేశం చెకోస్లొవేకియా మీదే. 1991 జులైలో అది రద్దయింది. అందులోని ఐరోపా దేశాలు దాదాపు అన్నీ తర్వాత అమెరికా నాయకత్వంలోని నాటో సైనిక కూటమిలో చేరాయి: పోలండ్, హంగరీ, చెక్ 1999లో, రొమేనియా, బల్గేరియా, స్లొవేకియా 2004లో. తూర్పు జర్మనీ అంతకుముందే ఏకీకరణతో వచ్చేసింది.

నాటో 1949లో 12 దేశాలతో మొదలై 2024కు 32కు చేరింది. ఇక్కడి సభ్యులు నాయకుడికి అడ్డం తిరిగిన సందర్భాలు తక్కువేమీ కాదు. 1966లో అధ్యక్షుడు డిగాల్ ఫ్రాన్స్‌ను నాటో సైనిక కమాండ్ నుంచి బయటికి తీసి, ప్రధాన కార్యాలయాన్ని పారిస్ నుంచి పంపించేశాడు. 2003 మార్చి 1న తుర్కియే పార్లమెంటు ఇరాక్ యుద్ధానికి వెళ్లే అమెరికా సేనలకు దారి ఇవ్వలేదు. అనుకూలంగా 264, వ్యతిరేకంగా 250 ఓట్లు పడ్డా, 19 మంది తటస్థంగా ఉండటంతో కావలసిన ఆధిక్యం రాలేదు. నాలుగో పదాతి డివిజన్ సామగ్రి నౌకల్లో మధ్యధరా సముద్రంలోనే నిలిచి, చివరికి చుట్టూ తిరిగి కువైట్ చేరింది. ఇరాక్ ఉత్తర సరిహద్దు నుంచి వేయాలనుకున్న దెబ్బ పోయింది. 1991లో ఫిలిప్పీన్స్ సెనేట్ 12–11 ఓట్లతో సూబిక్ బే స్థావరం పొడిగింపును తోసిపుచ్చింది, మరుసటి ఏడాది అమెరికా ఖాళీ చేసి వెళ్లింది.

వెళ్లిపోవడమే ఇక్కడ ముఖ్యం. ట్యాంకులు పంపలేదు. అందుకే 2012లో దక్షిణ చైనా సముద్రంలోని స్కార్‌బరో దిబ్బ చైనా అదుపులోకి వెళ్లాక మనీలా తనంతట తాను అమెరికాను మళ్లీ పిలిచింది. 2014 ఒప్పందం కింద అమెరికా సేనలు వాడుకోగల స్థలాలు 2023కు 9 అయ్యాయి. కాదన్నవాడే తర్వాత ఔనంటాడు, కాదన్నందుకు కొట్టకపోతే.

ఈ పద్ధతికి రోగాలు లేకపోలేదు. ఖర్చు ఒకరి మీద వదిలేసి మిగతావాళ్లు చేతులు ముడుచుకునే అలవాటు పాతది. 2014లో జీడీపీలో 2 శాతం రక్షణకు ఖర్చు చేయాలని నాటో నిర్ణయించినప్పుడు ఆ గీత దాటినవి మూడు దేశాలే. నిర్ణయాలు నత్తనడక నడుస్తాయి. అయినా లాభం ఎక్కడో చూడండి. అత్యంత చిన్న చిప్‌లు ముద్రించే యంత్రాలు ప్రపంచంలో ఒక్క సంస్థే చేస్తుంది, నెదర్లాండ్స్‌లోని ఏఎస్‌ఎంఎల్. 2022 అక్టోబరులో అమెరికా చైనా మీద చిప్ ఆంక్షలు పెట్టింది కానీ, 2023లో నెదర్లాండ్స్, జపాన్ కలిసి వస్తేనే కంచె మూసుకుంది.

ఈ లెక్కతో చూస్తే 2025లో జపాన్, ఐరోపా మీద కూడా సుంకాలు వేయడం నాకు పెద్ద పొరపాటుగా కనిపిస్తుంది. ఖజానాకు కొన్ని వేల కోట్ల డాలర్లు వచ్చాయి నిజమే. 1991లో యుద్ధం ఖర్చు భరించినవాళ్లు, 2023లో కంచె మూసినవాళ్లు కూడా వీళ్లే కదా.

చైనా దగ్గర ఏముంది

నౌకల సంఖ్యలో చైనా నౌకాదళం ఇప్పుడు ప్రపంచంలోనే పెద్దది. విదేశాల్లో బహిరంగంగా ఒప్పుకున్న స్థావరం 2017లో తెరిచిన జిబూటీ. పరస్పర రక్షణ ఒప్పందం ఉన్న మిత్రుడు ఉత్తర కొరియా ఒక్కటే, అదీ 1961 నాటిది. యువాన్‌ను డాలర్‌లా చేయాలంటే డబ్బు స్వేచ్ఛగా దేశం దాటనివ్వాలి, అలా వదిలితే సంపన్నుల సొమ్ము బయటికి పారిపోతుందని బీజింగ్ భయం. కాబట్టి దాని అసలు ఆయుధం సరుకే. అయస్కాంతాలు, మోటార్లకు కావలసిన అరుదైన లోహాల (రేర్ ఎర్త్స్) శుద్ధిలో దాదాపు 90 శాతం దానిదే. 2025 ఏప్రిల్‌లో ఏడు లోహాల ఎగుమతికి లైసెన్సు తప్పనిసరి చేయగానే అమెరికాలో, జపాన్‌లో కొన్ని కార్ల ఫ్యాక్టరీలు కొద్దిరోజులు ఆగాయి.

డాలర్‌కు పట్టిన అరుగుదలే దీనికీ పట్టింది. 2010లో చైనా, జపాన్ రెండూ తమవే అనే సెంకాకు దీవుల దగ్గర చేపల పడవ గొడవ తర్వాత జపాన్‌కు ఈ లోహాలు ఆగిపోయాయి. మరుసటి ఏడాదే జపాన్ ప్రభుత్వ సంస్థ, ఒక వాణిజ్య సంస్థ కలిసి ఆస్ట్రేలియాలోని లైనాస్ గనిలో పెట్టుబడి పెట్టాయి. అప్పట్లో జపాన్‌కు 90 శాతం లోహం చైనా నుంచే వచ్చేది, పదేళ్లు తిరిగేసరికి అది 60 శాతం దగ్గరికి దిగింది. మిగతా దేశాలు ఆ పని 2025లో గానీ గట్టిగా మొదలుపెట్టలేదు. కొత్త గని, శుద్ధి కర్మాగారం పూర్తి కావడానికి పదేళ్లయినా పడుతుంది కాబట్టి, అప్పటిదాకా బీజింగ్‌దే పైచేయి.