షార్జాలో ఉండి కోరుట్ల ఇంటికి కొన్న వాషింగ్ మెషిన్

నేను షార్జాలో ఒక లాండ్రీలో పదకొండేళ్ళుగా పని చేస్తున్నాను. హోటళ్ళ దుప్పట్లు, తువ్వాళ్ళు, కంపెనీల యూనిఫారాలు రోజూ బండ్ల కొద్దీ వస్తాయి. అన్నేళ్ళు మెషిన్ల మధ్య ఉన్నా, మా ఇంట్లో మాత్రం పోయిన ఏడాది దాకా బట్టలు బండ మీదే ఉతికారు. మాది కోరుట్ల పక్కన పల్లె. ఇంట్లో అమ్మ, బాపు, నా భార్య, పాప ఉంటారు. నా భార్య బీడీలు చేస్తుంది. పొద్దంతా చాట ముందు కూర్చుని, లేచి ఐదుగురి బట్టలు ఉతికితే రాత్రికి కుడి భుజం పైకి లేవడం లేదని ఒకరోజు మాటల్లో చెప్పింది. ఐదుగురెవరని అడిగితే, ఒంటరిగా ఉండే మా చిన్నమ్మ బట్టలు కూడా తనే ఉతుకుతోందని తెలిసింది. ఆ నెల జీతం రాగానే మెషిన్ కొనాలని అనుకున్నాను.

ఏ కంపెనీ కొన్నానో రాయడం లేదు. రాస్తే చదివినవాళ్ళు ఆ పేరు పట్టుకుని దుకాణానికి పోతారు, తమ ఇంటి నీళ్ళు, కరెంటు సంగతి చూసుకోరు. నేను అవి చూసుకున్న తర్వాతే మెషిన్ రకం తేల్చుకున్నాను.

ముందు కార్గో మాట. మా రూంలో ఒకతను ఇక్కడే మంచి మెషిన్ కొని కార్గోలో పంపమన్నాడు. ఇక్కడి ప్లగ్గుకు మూడు చదరపు పిన్నులుంటాయి, మనవి గుండ్రటివి. అది పెద్ద సమస్య కాదు, ప్లగ్గు మార్చొచ్చు. కానీ ఇక్కడ కొన్న మెషిన్‌కు ఇక్కడి వారెంటీ ఉంటుంది. అదే మోడల్ మన దగ్గర అమ్మకపోతే పార్టు కూడా దొరకదు. కోరుట్లలో చెడిపోతే ఎవరిని పిలవాలి? అందుకే ఆ ఆలోచన అక్కడే వదిలేశాను.

అంతకన్నా పెద్ద విషయం నీళ్ళు. షార్జాలో మాకు వచ్చేది ఎక్కువగా సముద్రపు నీళ్ళలోంచి ఉప్పు తీసిన నీళ్ళు. మెత్తగా ఉంటాయి, కొంచెం పౌడర్‌కే నురగ పొంగుతుంది. మా ఇంటి బోరు నీళ్ళు అట్లా కావు. స్టీలు గ్లాసు కడిగి ఎండబెడితే తెల్లటి మరకలు పడతాయి. మెషిన్ ఇక్కడ ఎంత బాగా పని చేసినా, ఆ నీళ్ళలో ఎన్నాళ్ళు ఉంటుందో ఇక్కడి అనుభవంతో చెప్పలేం. ఒక రాత్రి బోటిమ్‌లో వీడియో కాల్ చేసి, నా భార్యతో రెండు ఖాళీ నీళ్ళ బాటిళ్ళు తెప్పించాను. ఒకదాంట్లో సగం దాకా బోరు నీళ్ళు, ఇంకోదాంట్లో మిషన్ భగీరథ నల్లా నీళ్ళు పోసి, రెండింట్లో ఒకే కొలత సబ్బు తురుము వేసి గట్టిగా ఊపమన్నాను. భగీరథ బాటిల్‌లో నురగ మూత దాకా వచ్చి నిలబడింది. బోరు బాటిల్‌లో పల్చని నురగ లేచి అణిగిపోయింది, నీళ్ళు పాలలాగా తెల్లబడ్డాయి. "ఇన్నేండ్లు గీ నీళ్ళతోనే రుద్దిన్నా?" అంది. నాకు నోట మాట రాలేదు.

బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ. నీళ్ళు వేడి చేస్తే అది హీటర్ మీద పేరుకుంటుంది. ముందు వైపు తలుపు ఉండే ఫ్రంట్ లోడ్ మెషిన్లలో హీటర్ ఉంటుంది. పెద్ద లాండ్రీల్లో ముందు నీళ్ళను మెత్తబరిచి, తర్వాతే మెషిన్‌కు పంపుతారు. మనం ఇంట్లో ఆ పని ఎక్కడ చేస్తాం? నెలనెలా ఆ సున్నం వదిలించే డీస్కేలింగ్ పౌడర్ వేయాలంటే ఖర్చు, పైగా గుర్తు పెట్టుకోవాలి.

ఫ్రంట్ లోడ్ మంచిదే. నీళ్ళు తక్కువ తాగుతుంది, బట్టను తక్కువ నలుపుతుంది, నా చేతిలో రోజూ ఉండేవి ఆ రకమే. అయినా మా ఇంటికి వద్దనుకోవడానికి ఇంకో రెండు కారణాలు ఉన్నాయి. మా వాటర్ ట్యాంకు స్లాబు మీద చిన్న దిమ్మె మీద ఉంది. నల్లా నుంచి ట్యాంకు అడుగు దాకా టేపు పెట్టి కొలవమంటే మా బావమరిది మూడు మీటర్ల మీద పది సెంటీమీటర్లు అన్నాడు. నీళ్ళ ఎత్తు పది మీటర్లయితే దాదాపు ఒక బార్ ప్రెషర్. అంటే మాకు వచ్చేది 0.3 బార్. నేను చూసిన ఒక ఫ్రంట్ లోడ్ మాన్యువల్‌లో కనీసం 0.5 బార్ కావాలని ఉంది. ప్రెషర్ పంపు పెట్టొచ్చు, కానీ అది ఇంకో మోటార్, చెడిపోయేది ఇంకొకటి. పై నుంచి బట్టలు వేసే టాప్ లోడ్‌లో నీళ్ళు మెల్లగా వచ్చినా నడుస్తుంది, మరీ రాకపోతే మూత తీసి బకెట్‌తో పోసుకోవచ్చు.

రెండో కారణం బేరింగ్. డ్రమ్ము వెనక ఒక రబ్బరు సీల్ ఉంటుంది. అది అరిగితే నీళ్ళు బేరింగ్‌లోకి పోతాయి, తుప్పు పడుతుంది, స్పిన్‌లో రైలు పోతున్నట్టు మోత వస్తుంది. మా లాండ్రీలో సీల్, బేరింగ్ విప్పి కొత్తవి వేస్తాం. ఇళ్ళకు అమ్మే చాలా ఫ్రంట్ లోడ్ మెషిన్లలో బయటి ప్లాస్టిక్ టబ్ రెండు సగాలూ అతికేసి ఉంటాయి. బేరింగ్ ఒక్కటి పోతే టబ్ మొత్తం మార్చమంటారు. ఫ్రంట్ లోడ్ కొనాలనుకునేవాళ్ళు దుకాణంలో ఈ ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి: టబ్‌కు బోల్టులు ఉన్నాయా, అతికించి ఉందా?

సెమీ ఆటోమేటిక్ ధర తక్కువ, మెకానిక్ ఎక్కడైనా దొరుకుతాడు. మా ఊళ్ళో చాలా ఇళ్ళలో అదే ఉంది. కానీ తడి బట్టలు ఒక టబ్బులోంచి ఇంకో టబ్బులోకి ఎత్తి వేయాలి. తడిసిన సోలాపూర్ దుప్పటి ఎంత బరువుంటుందో తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. భుజం నొప్పి గురించి కొంటున్నప్పుడు మళ్ళీ భుజం మీదే బరువు వేసే మెషిన్ ఎందుకు? అందుకని ఫుల్లీ ఆటోమేటిక్ టాప్ లోడ్, ఏడున్నర కిలోలది, హీటర్ లేనిది అని తేల్చాను. ఆ కిలోల లెక్క పొడి బట్టలది. డ్రమ్ము మెడ దాకా కుక్కితే ఏ కంపెనీ మెషిన్ అయినా తొందరగా పోతుంది.

తర్వాత పార్టుల సంగతి. "మోటార్‌కు పదేళ్ళ వారెంటీ" అని డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాస్తారు. నేను చూసినంతలో మోటార్ కన్నా ముందు పోయేవి నీళ్ళు తెచ్చే వాల్వు, మురికి నీళ్ళు బయటికి వదిలే డ్రెయిన్ మోటార్, మెషిన్‌ను నడిపించే ఎలక్ట్రానిక్ బోర్డు. వాటికి రెండేళ్ళే ఇస్తారు. అందుకే మూడు కంపెనీల సర్వీస్ సెంటర్లకు బావమరిదితో ఫోన్ చేయించి, ఈ మూడు పార్టుల ధర, జగిత్యాలలో స్టాకు ఉందా, మనిషి ఎన్ని రోజుల్లో వస్తాడని అడిగించాను. ఒక చోట బోర్డు హైదరాబాద్ నుంచి రావాలి, పది రోజులు అన్నారు. ఇంకో చోట ఫోనే ఎత్తలేదు. మూడో చోట బోర్డు 4,200, డ్రెయిన్ మోటార్ 850, వాల్వు 550 అని ఆగకుండా చెప్పారు. ఆ కంపెనీదే కొన్నాం. కోరుట్లలో మా ఇంటి దారిలో ఉండే మెకానిక్‌ను కూడా అడిగాం, "దాని పని నాకు తెలుసు" అన్నాడు. అంతటితో నా టెన్షన్ సగం తగ్గింది.

కరెంటు గురించి గట్టిగా చెప్పాలి. ఏడేళ్ళ కింద మా చిన్నమ్మ ఇంట్లో పాత మెషిన్ ముట్టుకుంటే చేతికి జిల్లుమనేది. ప్లగ్గులో మూడో రంధ్రం ఉంది, దాని వెనక ఎర్త్ తీగ లేదు. తడి నేల మీద తడి చేతులతో నిలబడే చోట అది ప్రాణం మీదికి వచ్చే పని. మా ఇంట్లో మెషిన్ రాకముందే ఎలక్ట్రీషియన్‌తో ఎర్త్ గుంత తవ్వించి, ఉప్పు, బొగ్గు పోయించి, విడిగా 16 ఆంప్స్ సాకెట్ పెట్టించాను. ఎర్త్ తగిలిందో లేదో తెలియడానికి, కరెంటు వచ్చే ఫేజ్ తీగకూ ఎర్త్‌కూ మధ్య బల్బు పెట్టి చూపించమన్నాను. వీడియోలో అది వెలిగిన తర్వాతే అతనికి డబ్బులు పంపాను. మొత్తం 3,400 అయింది. మెషిన్‌కు పెట్టిన డబ్బులో దేనికైనా బేరమాడతాను కానీ దీనికి మాత్రం ఆడను.

దుకాణం దగ్గర ఒక చికాకు జరిగింది. ఆన్‌లైన్‌లో 1,200 తక్కువే ఉన్నా, చెడితే మొహం చూపించే మనిషి ఉండాలని మా వైపే ఒక షోరూంలో 19,500కు మాట్లాడుకున్నాం. మెషిన్ ఆటోలో ఇంటి ముందుకు రాగానే బావమరిది కాల్ చేశాడు. "బావా, మూత మీద టేపు జిగురు ఉంది, చూడు" అన్నాడు. వెనక స్టిక్కర్ చూపించమన్నాను. తయారైన నెల చూస్తే ఏడాది మీద రెండు నెలలైంది. దుకాణంలో చూపించడానికి పెట్టిన పీసును మనకు పంపారు. ఇంట్లోకి దించకుండా ఆటోలోనే ఉంచమన్నాను. వాళ్ళు "కొత్తదే, కొత్తదే" అన్నారు కానీ, బావమరిది కదలలేదు. రెండు రోజుల తర్వాత సీలు వేసిన డబ్బా వచ్చింది. సంతకం పెట్టకముందే డబ్బా, స్టిక్కర్, సీరియల్ నంబర్ ఫోటోలు తీసుకోవడం ఎవరికైనా ఐదు నిమిషాల పని.

డెమోకు వచ్చిన కుర్రాడు స్టాండు, కవరు, రెండు వేల ఎనిమిది వందల అదనపు వారెంటీ అమ్మాలని చూశాడు. మెషిన్ సమంగా ఉందో లేదో మాత్రం చూడలేదు. మూత మీద నిండా నీళ్ళున్న గ్లాసు పెట్టించాను. ఎడమ వైపుకు వొలికింది. కాళ్ళ కింది మరలు తిప్పి, నాలుగు మూలలా గ్లాసు నిలిచేదాకా సరిచేయించాను. వంకరగా నిలబడిన మెషిన్ స్పిన్‌లో ఊగుతుంది, ఆ ఊపు బేరింగ్‌ను తినేస్తుంది.

ఇప్పటికి తొమ్మిది నెలలైంది. భగీరథ నీళ్ళ కోసం 500 లీటర్ల ట్యాంకు ఒకటి విడిగా, పాత ట్యాంకు పక్కనే పెట్టించాం. పొద్దున నల్లా రాగానే మోటార్‌తో నింపుకుంటారు. ఒక ఉతుకుకు నూరు లీటర్లు దాటుతాయి. టాప్ లోడ్‌లో నాకు నచ్చని విషయం అదే. రెండో జాడింపు నీళ్ళు పట్టి బాపు పెరట్లో కరివేపాకు చెట్టుకు, వాకిలి కడగడానికి వాడుతున్నారు. పౌడర్ మునుపటిలో సగమే పడుతోంది.

ఒక్కసారే ఆగింది. నీళ్ళు రావడం లేదని తప్పు చూపించింది. పైపు విప్పితే లోపల చిన్న జాలి నిండా ఇసుక. పాత టూత్‌బ్రష్‌తో కడిగి పెట్టింది నా భార్యే, మెకానిక్ రాలేదు. ఇప్పుడు నెలకోసారి ఆ జాలి తీసి చూస్తోంది. వానాకాలంలో ఉరుములు మొదలైతే ప్లగ్గు తీసేస్తోంది, బోర్డు కాపాడుకోవడానికి అంతకన్నా మంచి దారి నాకు తెలియదు.

తంబాకు దుమ్ము పట్టిన బట్టలు విడిగా వేయాలి. మొదటి నెల అన్నీ కలిపి వేస్తే పాప స్కూల్ డ్రెస్సుకు ఆ వాసన పట్టింది. కాలర్లు, అమ్మ కొంగు అంచులు ఇప్పటికీ చేత్తో కొంచెం రుద్దాల్సిందే. పట్టు చీరలు మెషిన్ దగ్గరికి కూడా తీసుకుపోవద్దన్నాను. పసుపు ఉడకబెట్టే రోజుల్లో బాపు ధోతీల సంగతి వేరు. పసుపు మరకకు సబ్బు తగిలితే ఎర్రబడుతుంది, మా అమ్మ చూసి మెషినే పాడు చేసిందని భయపడింది. ఉతికి నేరుగా ఎండలో వేయమన్నాను. రెండు మూడు ఎండలకు మరక చాలా మటుకు పోయింది. ఆ పని ఏ మెషినూ చేయదు, ఎండే చేస్తుంది.

చిన్నమ్మ బట్టలు ఇప్పుడు కూడా మా ఇంటికే వస్తాయి. నా భార్య భుజం నొప్పి పూర్తిగా పోలేదు, బీడీల పని ఉంది కదా. కానీ రాత్రి జడ తనే వేసుకుంటున్నానని చెప్పింది.

నెలకోసారి నేను ఫోన్ మెషిన్ మీద పెట్టమని స్పిన్ చప్పుడు వింటాను. బేరింగ్‌లో తేడా వస్తే ముందు చెవికే తెలుస్తుంది. మొన్న అట్లాగే విని "స్పిన్‌లో మోత కొంచెం పెరిగినట్టుంది" అన్నాను. "ఇంక స్పిన్‌కు రాలే, రెండో జాడింపుల నీళ్ళు దిగుతున్నయి. ఆగు, వచ్చినంక చెప్త" అని, ఫోన్ మూత మీదే ఉంచి దండెం సరిచేయడానికి పెరట్లోకి పోయింది.