క్లాస్ ఏ యాంప్ కట్టేవాళ్ళకు జాగ్రత్త: ట్రాన్స్‌ఫార్మర్, కెపాసిటర్లు, హీట్‌సింక్ కొలవకుండా టంకం పెట్టొద్దు

ఇంట్లో సొంతంగా క్లాస్ ఏ యాంప్లిఫయర్ (పాట లేకపోయినా పూర్తి కరెంటు తీసుకుంటూనే ఉండే రకం) కట్టుకోవాలని సామాను కొంటున్నవాళ్ళు దయచేసి ఇది చదివాకే డబ్బు పంపండి. ఈ వేసవిలో నేను ఒకే అమ్మకందారు దగ్గర ట్రాన్స్‌ఫార్మర్, సప్లైని నిలకడగా ఉంచే రెండు పెద్ద కెపాసిటర్లు, ట్రాన్సిస్టర్ల వేడిని గాలిలోకి వదిలే రెండు హీట్‌సింకులు కొన్నాను. ఒక్కదానిలో కూడా చెప్పిన సరుకు లేదు. డబ్బు పోయిన బాధ అలా ఉంచండి. మే నెలలో ఒక మధ్యాహ్నం మా నాన్నగారు ఆ సామానుతో కట్టిన యాంప్‌లో పాటలు పెట్టుకుని కుర్చీలోనే నిద్రపోయారు. నేను బయటి నుంచి వచ్చేసరికి హాలంతా వార్నిష్ మాడిన వాసన. పరుగెత్తి ప్లగ్ పీకాను. ఇంకో గంట ఆలస్యమైతే ఏమయ్యేదోనని ఇప్పటికీ ఆ టెన్షన్ పోలేదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

నేను కట్టింది చాలామందికి తెలిసిన జేఎల్‌హెచ్ 1969 సర్క్యూట్. జాన్ లిన్స్‌లీ హుడ్ 1969 ఏప్రిల్‌లో వైర్‌లెస్ వరల్డ్ పత్రికలో ఇచ్చిన 10 వాట్ల డిజైన్. ఛానెల్‌కు నాలుగే ట్రాన్సిస్టర్లు. 8 ఓమ్‌ల స్పీకర్‌కి 27 వోల్టుల సప్లై, 1.2 ఆంపుల కరెంటు. ఈ 1.2 ఆంపులు పాట మోగినా మోగకపోయినా నడుస్తూనే ఉంటాయి. అంటే ఛానెల్‌కు 32 వాట్లు, రెండు ఛానెళ్ళకు కలిపి 65 వాట్లు, ఆన్ చేసిన క్షణం నుంచి ఆఫ్ చేసేదాకా. ఇంకో సంగతి, పాట గట్టిగా మోగేటప్పుడు ఇందులో కొంత స్పీకర్‌కి పోతుంది. నిశ్శబ్దంగా ఉన్నప్పుడే మొత్తం వేడిగా మారుతుంది.

అసలు మోసం బయటపడేది ఇక్కడే. మామూలు క్లాస్ ఏబీ యాంప్ ఊరికే ఉన్నప్పుడు చాలా తక్కువ కరెంటే తీసుకుంటుంది. దాంట్లో నాసిరకం ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా, సగం కూడా లేని కెపాసిటర్ పెట్టినా ఏళ్ళ తరబడి తెలియకపోవచ్చు. అమ్మేవాళ్ళకు ఆ ధైర్యం ఉంది. క్లాస్ ఏలో మాత్రం మొదటి నిమిషం నుంచే ఫుల్ లోడు. లేబుల్ మీద అబద్ధం ఉంటే అది హమ్ (స్పీకర్లో ఆగకుండా వచ్చే గుయ్యిమనే శబ్దం) రూపంలోనో పొగ రూపంలోనో బయటికి వస్తుంది.

నాకు మొదట కనిపించింది హమ్. స్పీకర్ దగ్గర చెవి పెట్టనక్కర్లేదు, సోఫాలో కూర్చున్నా గుయ్యిమని వినిపించేది. గ్రౌండింగ్ తప్పేమో అనుకుని రెండు వారాలు వైరింగ్ విప్పి మళ్ళీ వేశాను. ఎర్త్ పాయింటు మార్చాను, ఇన్‌పుట్ వైర్లు షీల్డువి వేశాను. ఏం చేసినా తగ్గలేదు. చివరికి కాగితం మీద లెక్క వేసుకున్నాను. మన దగ్గర ఇంటి కరెంటు 50 హెర్ట్‌జ్ కాబట్టి, ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జ్ రెక్టిఫయర్ తర్వాత రిపుల్ (డీసీలో మిగిలిపోయే ఎగుడుదిగుడు) 100 హెర్ట్‌జ్. కరెంటును 100తోనూ, ఫారడ్లలో కెపాసిటెన్స్‌తోనూ భాగిస్తే రిపుల్ ఎన్ని వోల్టులో సుమారుగా వస్తుంది. నా రెండు కెపాసిటర్ల మీదా 10,000 మైక్రోఫారడ్లు, 63 వోల్టులు అని రాసి ఉంది. రెండూ కలిపి 20,000. అంటే 2.4 ఆంపులకు దాదాపు 1.2 వోల్టులు రావాలి. ఒక మిత్రుడి ఆసిల్లోస్కోపు మీద పెట్టి చూస్తే అంతకు రెండింతలు దాటి కనిపించింది.

అప్పుడు కెపాసిటర్లు ఊడదీసి ఒక్కొక్కటీ పరీక్షించాను. దీనికి ఖరీదైన మీటర్ అక్కర్లేదు. కెపాసిటర్‌ని పూర్తిగా డిస్‌ఛార్జ్ చేసి, 1 కిలో ఓమ్ రెసిస్టర్ ద్వారా 12 వోల్టుల డీసీ ఇవ్వండి. ప్లస్ మైనస్ తారుమారు కాకుండా చూసుకోండి. మల్టీమీటర్ పెట్టి, ఫోన్లో స్టాప్‌వాచ్ నొక్కండి. అసలైన 10,000 మైక్రోఫారడ్లయితే 7.6 వోల్టులకు చేరడానికి సుమారు 10 సెకన్లు పడుతుంది. ఇలాంటి కెపాసిటర్లకు 20 శాతం అటూ ఇటూ తేడా మామూలే కాబట్టి 8 నుంచి 12 సెకన్ల మధ్య వస్తే సంతోషించండి. నావి రెండూ మూడున్నర సెకన్లకే అక్కడికి చేరాయి. అంటే 3,500 మైక్రోఫారడ్లు. ఒకదాన్ని కోసి చూశాను. పెద్ద డబ్బా లోపల ఇంకో చిన్న కెపాసిటర్, మిగతా చోటంతా మైనం లాంటి పదార్థంతో నింపారు. పైన ప్లాస్టిక్ తొడుగు మాత్రం కొత్తగా నిగనిగలాడుతోంది.

హమ్ అంటే చెవికి చిరాకు, అంతే. ట్రాన్స్‌ఫార్మర్ విషయం అలా కాదు, అది ప్రాణాల మీదికి వచ్చే సంగతి. నేను అడిగింది 300 వీఏ (వోల్ట్-ఆంపులు, అంటే అది మోయగల లోడు), 22 వోల్టుల టొరాయిడ్, అంటే గుండ్రటి రింగు ఆకారపు ట్రాన్స్‌ఫార్మర్. నిజానికి లెక్క ప్రకారం అంత అవసరం లేదు. రెక్టిఫయర్ తర్వాత కెపాసిటర్ ఉన్నప్పుడు వైండింగ్‌లో పారే ఏసీ కరెంటు డీసీ కరెంటుకు దాదాపు 1.8 రెట్లు ఉంటుంది. చాలామంది ఇది మరిచిపోయి డీసీ ఆంపులే చెప్పి కొంటారు. నా 2.4 ఆంపులకు అది 4.3 ఆంపులు అవుతుంది. 22 వోల్టులతో గుణిస్తే 95 వీఏ. గంటల తరబడి నడవాలి, మా కాలనీలో రాత్రిపూట వోల్టేజీ 250 దాకా పోతుంది, పెట్టె లోపల ఎలాగూ వేడి. అందుకని చల్లగా ఉండాలని కావాలనే మూడింతలు అడిగాను. "అన్నా, ప్యూర్ కాపర్, కళ్ళు మూసుకుని తీసుకో" అన్నాడు అమ్మకందారు.

ఆ మాడు వాసన వచ్చిన రోజు ప్లగ్ పీకిన వెంటనే ప్రైమరీ వైండింగ్ (ఇంటి కరెంటు వచ్చే వైపు తీగచుట్ట) రెసిస్టెన్స్ కొలిచాను. 12.6 ఓమ్‌లు. మర్నాడు ఉదయం చల్లారాక కొలిస్తే 9.6. లోపలి తీగ ఎంత వేడెక్కిందో ఈ తేడానే చెబుతుంది. రాగికైనా అల్యూమినియంకైనా ఒక్కో డిగ్రీకి రెసిస్టెన్స్ దాదాపు 0.4 శాతం పెరుగుతుంది. 31 శాతం పెరిగిందంటే సుమారు 80 డిగ్రీలు. గది 35 డిగ్రీలుంది కాబట్టి తీగ 115కి చేరింది. ట్రాన్స్‌ఫార్మర్ ఇన్సులేషన్లలోనూ క్లాస్ ఏ అనే తరగతి ఒకటుంది, దాని హద్దు 105 డిగ్రీలు. నా దాంట్లో ఏ తరగతి ఇన్సులేషన్ వాడారో చెప్పే గుర్తు ఎక్కడా లేదు, లోపల థర్మల్ ఫ్యూజు (వేడి హద్దు దాటితే తెగిపోయేది) కూడా లేదు. బయట నేను వేసిన ఫ్యూజు పోలేదు, ఎందుకంటే కరెంటు ఎక్కువ కాలేదు. ఉన్న కరెంటునే ఆ తీగ మోయలేకపోయింది.

విప్పి చూస్తే అల్యూమినియం. బయటికి వచ్చే నాలుగు తీగలూ రాగివే. లోపల రెండు పొరలు విప్పాక జాయింటు కనిపించింది, దాని అవతల అంతా తెల్లటి తీగ. అల్యూమినియం వాడటం తప్పని నేను అనను. రాగి కన్నా రెసిస్టెన్స్ 1.6 రెట్లు కాబట్టి అంత లావు తీగ వేసి, అల్యూమినియం అని చెప్పి, ఆ ధరకే అమ్మితే ఎవరికీ అభ్యంతరం లేదు. సన్నటి తీగ చుట్టి రాగి ధర తీసుకోవడమే మోసం. బయటి తీగ గీకి చూసి రాగి అని నమ్మకండి. తూకం వేయండి. నాది కిలోన్నర తూగింది. మిత్రుడి దగ్గరున్న అసలైన 300 వీఏ టొరాయిడ్ రెండున్నర కిలోలు దాటింది, దాని ప్రైమరీ 4 ఓమ్‌ల లోపే. తూకం, ప్రైమరీ రెసిస్టెన్స్ ఈ రెండూ కొనేముందే ఫొటో తీసి పంపమని అడగండి. పంపనంటే ఆ బేరం అక్కడితో వదిలేయండి.

ఇక హీట్‌సింకులు. "ఒక్కోటి 100 వాట్లు" అని అమ్మాడు. ఎంత ఉష్ణోగ్రత పెరిగితే 100 వాట్లో చెప్పకుండా ఆ మాటకు అర్థం లేదు. మనం అడగాల్సింది ఒక్కో వాటుకు ఎన్ని డిగ్రీలు పెరుగుతుందని. దుకాణంలో చాలామంది దీనికి జవాబు చెప్పలేరు, కాబట్టి మనమే కొలుచుకోవాలి. 10 ఓమ్‌లు, 50 వాట్ల అల్యూమినియం తొడుగు రెసిస్టర్ ఒకటి హీట్‌సింక్‌కి వేడిని దాటించే పేస్టు రాసి బిగించండి. దానికి 18 వోల్టుల డీసీ ఇస్తే సరిగ్గా 32.4 వాట్లు, అంటే ఈ యాంప్ ఒక ఛానెల్ ఇచ్చేంత వేడి. ఫ్యాను ఆపేసి, రెక్కలు నిలువుగా ఉండేలా నిలబెట్టి, గంట తర్వాత కొలవండి. నావి గదికన్నా 50 డిగ్రీలు పెరిగాయి. వాటుకు 1.5 డిగ్రీల పైమాటే.

ఇంగ్లండులోనో అమెరికాలోనో కూర్చుని రాసే డిజైన్లలో గది 25 డిగ్రీలని లెక్క. వాళ్ళకు ఈ హీట్‌సింక్ 75 దగ్గర ఆగుతుంది. హైదరాబాదులో మే నెల మధ్యాహ్నం, ఏసీ లేని గదిలో 40 అనుకుంటే 90. ట్రాన్సిస్టర్లు నిజమైన ఎంజే15003లు అయితే ఆ వేడికి చావవు, వాటి జంక్షన్ (లోపలి సిలికాన్) హద్దు 200 డిగ్రీలు. కానీ అదే పెట్టెలో ఉన్న ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఎక్కువగా 85 డిగ్రీలవి. ప్రతి 10 డిగ్రీలకూ వాటి ఆయుష్షు సగమవుతుంది. చెయ్యి తగిలితే కాలుతుంది కూడా, ఇంట్లో చిన్నపిల్లలుంటే చెప్పక్కర్లేదు. ఎండాకాలంలో హీట్‌సింక్ 65 దాటకూడదని ఇప్పుడు నేను పెట్టుకున్న హద్దు. దానికి వాటుకు 0.77 డిగ్రీలు కావాలి, అంటే నేను కొన్న వాటికి రెండింతలు పెద్దవి. పైగా నావాటికి ట్రాన్సిస్టర్ కూర్చునే చోట కూడా మందంగా నల్ల పెయింటు కొట్టేశారు, పీఠం చదునుగా లేదు. స్కేలు నిలబెడితే మధ్యలో వెలుతురు కనిపించింది. ట్రాన్సిస్టర్ అడుగున పెట్టే మైకా రేకు కింద ఎంత పేస్టు రాసినా ఆ సందు పూడదు.

ఫోన్ చేస్తే మొదట "ఎవరూ కంప్లయింట్ చేయలేదన్నా" అన్నాడు. ఫొటోలు పంపాక "టంకం పెట్టిన సరుకు వాపసు తీసుకోం" అన్నాడు. ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. నా దగ్గర ఉన్నది చేత్తో రాసిన కచ్చా బిల్లు, దాని మీద "ట్రాన్స్‌ఫార్మర్ 1" అని మాత్రమే ఉంది. 300 వీఏ అని గానీ, కాపర్ అని గానీ లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేద్దామంటే చూపించడానికి ఆధారం బలంగా లేదు. జీఎస్టీ బిల్లు తీసుకోండి, అందులో వీఏ, వోల్టులు, కాపర్ వైండింగ్ అని రాయించండి. అలా రాయడానికి వెనకాడితే ఎందుకు వెనకాడుతున్నారో మీకే తెలుస్తుంది.

ఇప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ కోఠిలో ఒక పెద్దాయన దగ్గర చుట్టించుకున్నాను. తీగ రీలు నా ముందే తూచి, నా ముందే చుట్టారు. 130 డిగ్రీల థర్మల్ ఫ్యూజు ప్రైమరీ పొరల మీద పెట్టించాను. ఈసారి కెపాసిటర్లు ఒక్కొక్కటీ స్టాప్‌వాచ్‌తో పరీక్షించాకే బోర్డు మీదికి వెళ్ళాయి. బ్రిడ్జ్ రెక్టిఫయర్ కూడా 5 వాట్ల దాకా వేడి ఇస్తుంది కాబట్టి దాన్ని లోహపు అడుగుకు బిగించాను. నాలుగు గంటలు నడిపి మళ్ళీ వైండింగ్ కొలిస్తే పెరుగుదల 35 డిగ్రీలు. హమ్ లేదు. నాన్నగారు మళ్ళీ వింటున్నారు.

ఇలాంటి సరుకు కొని ఇప్పటికే కట్టేసినవాళ్ళు ఈ రోజే ఒక పని చేయండి. రెండు గంటలు దగ్గరే ఉండి నడిపి, ప్లగ్ పూర్తిగా పీకి, ఫ్యూజుకు అవతల, ట్రాన్స్‌ఫార్మర్ వైపు ప్రైమరీ రెసిస్టెన్స్ కొలవండి, చల్లారాక మళ్ళీ కొలవండి. తేడా 25 శాతం దాటితే ఆ ట్రాన్స్‌ఫార్మర్ మార్చేదాకా యాంప్ ఆన్ చేయకండి, ఇంట్లో వాళ్ళకు కూడా ఆ మాట గట్టిగా చెప్పండి.