స్కార్ఫ్ మోడల్: టీమ్ లీడ్‌గా కొన్నేళ్లు వాడాక

టీమ్‌లో ఎవరితోనైనా విడిగా కూర్చుని మాట్లాడే ముందు ఐదు మాటలు చూసుకుంటాను: హోదా, స్పష్టత, స్వేచ్ఛ, అనుబంధం, న్యాయం. నాయకత్వ శిక్షకుడు డేవిడ్ రాక్ 2008లో ప్రతిపాదించిన స్కార్ఫ్ (SCARF) మోడల్ ఇదే; ఈ ఐదింటి ఇంగ్లిష్ పేర్ల మొదటి అక్షరాలే ఆ పేరు. వీటిలో దేనికి దెబ్బ తగిలేలా ఉన్నా మెదడు దాన్ని ప్రమాదంగానే తీసుకుంటుందని, అప్పుడు ఎదుటివాళ్ల మాట తలకెక్కదని ఆయన వాదన. హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ టీమ్‌ను నడుపుతూ దీన్ని కొన్నేళ్లుగా వాడుతున్నాను.

అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది స్పష్టత. "రేపు ఒకసారి మాట్లాడాలి" అని మేనేజర్ మెసేజ్ పెడితే ఎవరికి నిద్ర పడుతుంది? అందులోనూ లేఆఫ్‌ల వార్తలు వస్తున్న రోజుల్లో! నేను మాత్రం "రేపు మూడింటికి, పేమెంట్ మాడ్యూల్ ఎందుకు ఆలస్యమవుతోందో చూద్దాం, పావుగంట చాలు, ఇది రేటింగ్ గురించి కాదు" అని రాస్తాను. నిజంగా కానప్పుడే ఆ చివరి మాట రాస్తాను. అలా పిలిస్తే వచ్చినవాళ్లు సంజాయిషీతో కాదు, ఏం చేద్దామన్న ఆలోచనతో వస్తున్నారు. అదుపులో లేని ఒత్తిడిలో మెదడు ముందుభాగమైన ప్రీఫ్రంటల్ కార్టెక్స్ సరిగా పనిచేయదని యేల్ యూనివర్సిటీలో ఎమీ ఆర్న్‌స్టెన్ ఏళ్ల తరబడి చేసిన పరిశోధన చెబుతుంది. నిదానంగా ఆలోచించడానికి, తొందరపాటును ఆపుకోవడానికి కావలసిన భాగం అదే.

హోదా సంగతి మనవాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. నలుగురిలో అన్న మాట ఏళ్లు గడిచినా గుర్తుంటుంది. అందుకే టీమ్ అంతా కలిసే రోజువారీ చిన్న మీటింగ్‌లో (స్టాండప్‌లో) తప్పులు ఎత్తను. విడిగా కూర్చున్నప్పుడు కూడా "ఈ రిలీజ్ ఎలా జరిగిందనుకుంటున్నారు?" అని ముందు వాళ్లనే అడుగుతాను. నేను చెప్పాలనుకున్నదాంట్లో చాలావరకు వాళ్ల నోటినుంచే వస్తుంది.

మోడల్‌లో లేనిది ఒకటి కలిపాను. భావోద్వేగానికి మాటల్లో పేరు పెడితే, మెదడులో భయం లాంటి భావోద్వేగాలకు స్పందించే అమిగ్డలా స్పందన తగ్గుతుందని మాథ్యూ లీబర్‌మన్ బృందం 2007లో చూపింది. అందుకని ఎవరైనా ముడుచుకుపోతే వెంటనే సలహా ఇవ్వను, "టెన్షన్‌గా ఉందా, కోపంగా ఉందా?" అని అడుగుతాను. కాసేపు మౌనం తర్వాత అసలు విషయం బయటికొస్తుంది.

న్యాయం దగ్గర మాత్రం ఈ మోడల్ చేతులెత్తేస్తుంది. ఇంతమందికి తక్కువ రేటింగ్ ఇవ్వాల్సిందేననే బెల్ కర్వ్ పద్ధతి పైనుంచి వస్తే, బాగా పనిచేసినవాళ్లకు తక్కువ రేటింగ్ చెప్పాల్సి వస్తే, ఎంత మృదువుగా చెప్పినా అది అన్యాయమే. మాటతీరుతో దాన్ని కప్పిపుచ్చాలని చూస్తే ఉన్న నమ్మకమూ పోతుంది. అలాంటప్పుడు నిర్ణయం ఎవరిదో, నేను ఎంతవరకు వాదించానో ఉన్నదున్నట్టు చెప్పేయడమే మేలు.

మరో అభ్యంతరం శిక్షణ తరగతుల్లో చేసే ప్రచారం మీద. వెలివేతా, ఒంటి నొప్పీ మెదడుకు ఒకటేనని అక్కడ ఢంకా బజాయిస్తారు. దానికి మూలం 2003లో నయోమి ఐసెన్‌బర్గర్ బృందం, కంప్యూటర్‌లో బంతి ఆట ఆడిస్తూ మధ్యలో ఆటగాడిని పక్కన పెట్టి చేసిన ప్రయోగం. అందులో పాల్గొన్నది 13 మందే. రెండింటికీ మెదడులో వేర్వేరు నమూనాలు ఉన్నాయని 2014లో మరో అధ్యయనం చూపింది. కాబట్టి స్కార్ఫ్‌ను మెదడు పటంలా కాదు, మాట్లాడే ముందు సరిచూసుకునే జాబితాలా వాడండి. కొత్తగా లీడ్ అయినవాళ్లు ఐదూ ఒకేసారి పట్టుకోనక్కర్లేదు, ముందు మీటింగ్‌కు పిలిచే మెసేజ్ మార్చి చూడండి.