లినక్స్ రౌటర్‌లో ఇంటరప్ట్‌లు సొంతంగా పంచుకున్నాక

నాలుగు కోర్ల చిన్న పీసీలో లినక్స్ వేసి చాలాకాలంగా రౌటర్‌గా వాడుతున్నాను. గిగాబిట్ లైను, పీపీపీఓఈ కనెక్షన్ (లాగిన్ అయ్యి వాడేది, ప్రతి ప్యాకెట్‌కూ తన హెడర్ ఒకటి తగిలిస్తుంది). మొదట్లో సీపీయూ వాడకం పాతిక శాతం దాటేది కాదు, స్పీడు మాత్రం సగానికే ఆగిపోయేది. సీపీయూ వాడకం చూపే టాప్ కమాండ్‌లో 1 నొక్కి కోర్లను విడివిడిగా చూస్తే అసలు సంగతి బయటపడింది. సున్నా కోరు సాఫ్ట్‌ఐఆర్‌క్యూతో, అంటే వచ్చిన ప్యాకెట్లను లినక్స్ చూసుకునే పనితో, నూటికి నూరు నిండిపోయింది, మిగతా మూడూ ఖాళీ. నాలుగింట ఒకటి నిండితే సగటు పాతికే కదా!

మల్టీక్యూ కార్డు (ఒకటికి మించి క్యూలున్న నెట్‌వర్క్ కార్డు) ఐపీ అడ్రసులు, పోర్టులు చూసి ప్యాకెట్లను క్యూలకు పంచుతుంది. పీపీపీఓఈ హెడర్ అడ్డం వస్తే చాలా కార్డులకు లోపలి ఐపీ కనబడదు. వచ్చిందంతా ఒకే క్యూలో పడేస్తాయి. ఇక్కడ ఆదుకున్నది ఆర్‌పీఎస్ (రిసీవ్ ప్యాకెట్ స్టీరింగ్), ప్యాకెట్ల పనిని లినక్స్ తానే కోర్లకు పంచే ఏర్పాటు. 2010లో వచ్చిన 2.6.35 లినక్స్ కెర్నెల్ నుంచీ ఉన్నదే. ఇది ఆ హెడర్ దాటి చూసి కోర్లకు పంచుతుంది. ఏ కోర్లు వాడాలో చెప్పే హెక్సాడెసిమల్ అంకెను మాస్క్ అంటారు, నాలుగు కోర్లకూ అయితే అది ‘ఎఫ్’. ఇంటరప్ట్ (ప్యాకెట్ వచ్చిందని కార్డు సీపీయూకు ఇచ్చే పిలుపు) అందుకునే సున్నా కోరును తప్పించడానికి నేను ‘ఇ’ రాశాను. ఆ ఒక్క అక్షరంతో లైను స్పీడు పూర్తిగా వచ్చింది. అయితే ఒకే కనెక్షన్‌ను ఇది రెండు కోర్లకు చీల్చదు, కాబట్టి ఒక్క డౌన్‌లోడ్ పెట్టి చూసి పెదవి విరవకండి.

ఇంటరప్ట్‌లను తనంతట తానే కోర్లకు పంచే ఐఆర్‌క్యూబ్యాలెన్స్ ప్రోగ్రాం ఆపేశాను. సర్వర్లకు అది బాగానే ఉంటుంది కానీ, మనం ఒక కోరుకు కట్టేసిన ఇంటరప్ట్‌ను కాసేపటికి ఇంకో చోటికి మార్చేస్తుంది. రీబూట్ అయితే ఇంటరప్ట్ నంబర్లు మారొచ్చు, అందుకని స్క్రిప్ట్‌లో నంబరు కాకుండా కార్డు పేరుతో వెతికిస్తాను.

సీపీయూ వేగాన్ని నిర్ణయించే గవర్నర్‌ను పెర్ఫార్మెన్స్‌కు మార్చాక పింగ్ ఎగుడుదిగుళ్లు తగ్గాయి. పెట్టె కాస్త వేడెక్కుతుంది, పర్లేదు. కార్డు ప్యాకెట్లు కాసేపు ఆగే రింగ్ బఫర్లు పెంచితే నాకు ఒరిగిందేమీ లేదు. నెట్‌డెవ్ బడ్జెట్ (ఒక్కో విడతలో చూసే ప్యాకెట్ల పరిమితి) మామూలుగా ఉండే 300 దగ్గరే వదిలేశాను. కెర్నెల్ లెక్కలు చూపే సాఫ్ట్‌నెట్ స్టాట్ ఫైల్లో మూడో కాలమ్ (పని మిగిలుండగానే విడత ముగిసిన సార్లు) అదేపనిగా పెరుగుతుంటేనే దాని జోలికి వెళ్లాలి. రెండో కాలమ్ పెరుగుతోందంటే ప్యాకెట్లు పోతున్నట్టే.

ఇప్పటికీ తీరని బాధ కేక్‌తో, అంటే లైను వేగాన్ని, ప్యాకెట్ల వరసను అదుపు చేసే (షేపింగ్) భాగంతో. నా కెర్నెల్‌లో దాని షేపింగ్ ఒక్కో దిశకు ఒకసారి ఒక్క కోరు మీదే నడుస్తుంది. ఎంత పంచినా అక్కడ ఇరుకే. కొత్త పెట్టె కొంటే కోర్ల సంఖ్య కన్నా ఒక్కో కోరు వేగమే ముందు చూస్తాను.