నిలువు పైపులో గాలి, నీరు కలిసి వెళ్తాయా? డీపీ ట్రాన్స్‌మిటర్ కొనేముందు ఇది చదవండి

ఇప్పుడే ఫోన్ పెట్టేశాను, చేతులు ఇంకా వణుకుతున్నాయి. సప్లయర్ పేరు రాయను. మనలో చాలామంది కొనేది అతని దగ్గరే.

నాకు కావాల్సింది డీపీ ట్రాన్స్‌మిటర్, అంటే పైపులో రెండు చోట్ల ఒత్తిడుల తేడా కొలిచి దాన్ని కరెంటుగా పంపే మీటర్. కొనేముందే డ్రాయింగ్ పంపాను. నిలువు పైపు, కింది నుంచి పైకి గాలీ నీరూ, ట్యాపింగుల (ఒత్తిడి అందుకునే రంధ్రాల) మధ్య 2 మీటర్లు, ఇంపల్స్ లైన్ల (ఆ రంధ్రాల నుంచి మీటర్‌కు వెళ్లే సన్న గొట్టాల) నిండా నీళ్లు. మైనస్ 20 నుంచి ప్లస్ 20 కిలోపాస్కల్ రేంజ్ కావాలని విడిగా కూడా రాశాను. "మాకొదిలేయండి సార్, ఇలాంటివి బోలెడు ఇచ్చాం" అన్నాడు. నమ్మి, పెట్టె విప్పీ విప్పగానే బిగించేశాను. నేమ్‌ప్లేట్ చదవకపోవడం నా తప్పే. దాని మీద ఉన్నది 0 నుంచి 20. రేంజ్ మార్చే వీలు కూడా లేని రకం.

గాలి వాల్వు తెరవగానే కరెంటు 4 మిల్లీఆంపియర్ల దగ్గర, అంటే రేంజ్ అడుగున సున్నా దగ్గర, అతుక్కుపోయింది. పైపులో సగం గాలి ఉంటే 2 మీటర్ల మిశ్రమం బరువు దాదాపు 9.8 కిలోపాస్కల్. లైన్‌లో నీళ్ల బరువు 19.6. ఘర్షణ తక్కువగా ఉన్నంతసేపూ మీటర్‌కు అందేది మైనస్సే. లైన్లు అటూ ఇటూ మార్చి బిగించాను, అంకె వచ్చింది. నీటి వేగం పెంచి గాలి తగ్గించేసరికి ఘర్షణది పైచేయి అయి, మళ్లీ అదే 4. రెండు రాత్రులు దీనికే పోయాయి.

ఫోన్ చేస్తే అడిగాడు: "నీళ్లు నింపి ఆపితే సున్నా వస్తోందా, లేదా?"

"వస్తోంది."

"మరింకేం? మీటర్ బాగుంది. కొలవడం మీకే రాదు." పక్కనున్న ఎవరితోనో "పైపులోకి గాలి వదిలి మీటర్‌ని తిడుతున్నాడు" అని నవ్వడం నాకు స్పష్టంగా వినిపించింది. అసలు నేను కొలవాల్సిందే ఆ గాలి కలిసిన నీటిని! పైపులోనూ లైన్లలోనూ కదలని నీళ్లే ఉంటే ఏ రేంజ్ మీటరైనా సున్నాయే చూపాలి. ఇన్నేళ్లుగా ఇవే అమ్మే మనిషికి అది తెలియదంటే నేను నమ్మను. "బిగించేశారు కదా, వాపసు లేదు" అని పెట్టేశాడు.

కొనేవాళ్లు సున్నాకు రెండు వైపులా ఉండే రేంజ్ కావాలని ఆర్డర్ కాగితంలోనే రాయించుకోండి. నేమ్‌ప్లేట్ చదివాకే నట్టు బిగించండి. ఇంపల్స్ లైన్లు పారదర్శక గొట్టంతో వేసుకోండి. నిలువు లైన్‌లో 10 సెంటీమీటర్ల బుడగ చిక్కినా రీడింగ్ దాదాపు 1 కిలోపాస్కల్ తప్పుతుంది, కంటికి కనబడితే వెంటనే వదిలేయొచ్చు.