పాత కారు స్టీరియో: స్క్రీనా, స్పీకర్లా, ఆంప్లిఫైయరా?

పదేళ్లు దాటిన ఆల్టో, సాంత్రో, వ్యాగన్ ఆర్ వంటి కార్లున్న మిత్రులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటే: పాటలు బాగా వినిపించాలంటే డెక్ (డాష్‌బోర్డులోని పాటల పెట్టె) తీసేసి ఆండ్రాయిడ్ స్క్రీన్ పెట్టించాలా, స్పీకర్లు మార్పించాలా, లేక ఆంప్లిఫైయర్ బిగించాలా? యాక్సెసరీల దుకాణంలో మొదట చూపించేది ఎలాగూ స్క్రీనే. ధ్వని కోసమే అయితే మొదటి ఖర్చు ముందు సీట్ల పక్కనున్న తలుపుల మీద, వాటిలోని స్పీకర్ల మీద పెట్టాలని నా అభిప్రాయం.

స్క్రీన్ వల్ల ప్రయోజనం లేదని కాదు. రివర్స్ కెమెరాకు, దారి చూపే మ్యాపుకు అది బాగా పనికొస్తుంది. క్యాసెట్, సీడీ తప్ప మరేదీ ఆడని డెక్ ఉన్నవారు దాన్ని ఎలాగూ మార్చుకోవలసిందే. డాష్‌బోర్డులో 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల ఎత్తున్న సింగిల్ డిన్ (డెక్‌ల ప్రామాణిక కొలత) ఖాళీయే ఉంటే, బ్లూటూత్, యూఎస్‌బీ ఉన్న మంచి కంపెనీ డెక్ సరిపోతుంది. స్క్రీన్ పట్టాలంటే సాధారణంగా దానికి రెట్టింపు ఎత్తు కావాలి. చవక స్క్రీన్లలో ర్యామ్ తక్కువగా ఉండి, కారు స్టార్ట్ చేసిన తరువాత పాట మొదలయ్యేసరికి వీధి మలుపు దాటిపోతాం.

ఇక డబ్బా మీద అచ్చువేసే ‘50 వాట్లు × 4’ అన్నది క్షణకాలపు గరిష్ఠ లెక్క. ఇంజిన్ నడుస్తున్నప్పుడు కారులో ఉండేది 14 వోల్టుల చిల్లర మాత్రమే కాబట్టి, 4 ఓమ్‌ల స్పీకరుకు డెక్‌లోని చిప్ నిలకడగా ఇవ్వగలిగేది 15 నుంచి 20 వాట్లు. పాత డెక్ ఇచ్చేదీ ఇంచుమించు అంతే. స్క్రీన్ ఎంత పెద్దదైనా, చిన్న మాగ్నెట్‌తో తలుపులో పాతబడిన కాగితపు కోను స్పీకరుకు అంతే శక్తి అందుతుంది.

స్పీకర్లు మార్చినప్పుడు తేడా వెంటనే చెవికి తెలుస్తుంది. కింది స్వరాలు పలికే ఊఫర్, పై స్వరాలు పలికే ట్వీటర్ వేరువేరుగా ఉండే కాంపోనెంట్ సెట్ అయితే ట్వీటర్లను అద్దం పక్కనో డాష్‌బోర్డు మీదో అమర్చుకోవచ్చు కనుక, పాట మోకాళ్ల దగ్గర నుంచి కాక ఎదుటి నుంచి వినిపిస్తుంది. అంత బడ్జెట్ లేకపోతే, ఆ రెండూ ఒకే స్పీకరులో ఉండే కోయాక్సియల్ చాలు. ఏది కొన్నా వాట్ల కన్నా ముందు సెన్సిటివిటీ, అంటే అంతే శక్తికి ఎంత గట్టిగా పలుకుతుందన్నది, చూడాలి. 87 డెసిబెల్స్ స్పీకరు బదులు 90 డెసిబెల్స్‌ది ఎంచుకుంటే, ఆంప్లిఫైయర్ శక్తిని రెట్టింపు చేసినంత ఫలితం అదనపు వైరింగ్ లేకుండానే దక్కుతుంది.

అయితే అసలు కిటుకు స్పీకరులో కన్నా తలుపులోనే ఎక్కువగా ఉంది. డోర్ ప్యాడ్ ఊడదీసి చూస్తే లోపలి రేకుకు అరచేయి పట్టేంత రంధ్రాలు, వాటి మీద అతికించిన పలుచని ప్లాస్టిక్ షీటు కనిపిస్తాయి. కోను ముందువైపు ధ్వని, వెనుకవైపు ధ్వని ఒకదానికొకటి వ్యతిరేక దిశలో ఉంటాయి. ఆ రంధ్రాల గుండా రెండూ కలిసిపోయి తబలా, బేస్ గిటార్ వంటి కింది స్వరాలను పలచబరుస్తాయి. బయటి రేకుకు లోపలివైపున రేకు అదురును తగ్గించే బ్యూటైల్ (ఒక రకం రబ్బరు) డ్యాంపింగ్ షీటు అతికించి, లోపలి రేకు రంధ్రాలను మూయిస్తే మామూలు స్పీకరు కూడా నిండుగా పలుకుతుంది. తలుపు అడుగున వాననీరు పోయే రంధ్రాలను మాత్రం పొరపాటున కూడా మూయనివ్వకూడదు. ప్లాస్టిక్ షీటును చించి వదిలేస్తే వానాకాలంలో నీరు ప్యాడ్‌లోకి దిగుతుంది. స్పీకరును పూర్తిగా బిగించేముందు అద్దాన్ని కిందిదాకా దింపి, మాగ్నెట్‌కు తగలడం లేదని చూసుకోవాలి.

వెనుక ట్రే కోసి బిగించే ఓవల్ స్పీకర్లు ముందు కూర్చున్నవారికి వీపు వెనుక పాడతాయి, ట్రే గడగడలాడుతుంది. నేను సిఫారసు చేయను. సిగరెట్ లైటర్‌లో గుచ్చే ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ తాత్కాలిక ఏర్పాటు మాత్రమే.

తలుపుల పని అయ్యాక కూడా హైవే మీద, కిటికీల హోరులో శబ్దం చాలకపోతే, అప్పుడు చిన్న నాలుగు చానళ్ల ఆంప్లిఫైయర్ వైపు వెళ్లవచ్చు. దానికి కరెంటు బ్యాటరీ నుంచి నేరుగా వేరే రాగి వైరు ద్వారానే రావాలి; బ్యాటరీకి దగ్గరలోనే ఆ వైరుకు ఫ్యూజు ఉండాలి, ఎందుకంటే మధ్యలో ఎక్కడైనా వైరు ఒరుసుకుని బాడీకి తగిలితే మంటలు రాకుండా ఆపేది అదొక్కటే. డిక్కీలో సీఎన్‌జీ సిలిండర్ ఉన్నవారికి పెద్ద సబ్ ఊఫర్ పెట్టెకు చోటుండదు. వారికి సీటు కింద పట్టే పలుచని సబ్ ఊఫర్ నయం. ఏ మార్పు చేయించినా కారు వైర్లను కోయనివ్వకుండా, మీ మోడల్‌కు దొరికే కప్లర్ (కారు వైర్ల ప్లగ్గును కొత్త డెక్‌కు కలిపే జోడింపు) కొని ఇవ్వండి. కారు అమ్మేటప్పుడు పాత డెక్‌ను తిరిగి బిగించుకోవడానికి అది పనికొస్తుంది.